పీఠం మీద కత్తి, మూలన చీపురు

అందరికీ నమస్కారం. సెలవు రోజు సాయంత్రం పనులు పక్కన పెట్టి వచ్చినందుకు ధన్యవాదాలు.

ఈరోజు నేను మాట్లాడబోయే వస్తువులు మీకు కొత్తవి కావు. నల్ల పిడి కత్తి, చిన్న కర్ర, వలయంలో ఐదు కోణాల నక్షత్రం, మూడు కాళ్ల ఇనప కాగు, పుల్లల చీపురు. సినిమాల్లో, పిల్లల బొమ్మల కథల్లో చూసే ఉంటారు. అక్కడ వీటికి భయపెట్టడమో నవ్వించడమో తప్ప వేరే పని ఉండదు. ఇంగ్లండులో, అమెరికాలో, ఆస్ట్రేలియాలో వీటినే పూజలో వాడేవాళ్లున్నారు. వాళ్లలో నర్సులు, టీచర్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఉన్నారు. తమను పేగన్లమని చెప్పుకుంటారు. క్రైస్తవం రాకముందు యూరప్‌లో కొలిచిన దేవతలను, రుతువులను, భూమిని మళ్లీ కొలవాలనుకునే చాలా మార్గాలకు అది ఉమ్మడి పేరు. పాత కెల్టిక్ పూజారుల బాట మాదనే డ్రూయిడ్లు వేరు, ఉత్తర యూరప్ పాత దేవుళ్లు థోర్‌నూ ఓడిన్‌నూ కొలిచే హీథెన్లు వేరు, విక్కా అనే మంత్రగత్తెల మతానికి చెందిన విక్కన్లు వేరు. అందరినీ ఒకే గాటన కట్టలేం. వస్తువుల గురించి ఎక్కువగా ఆలోచించింది విక్కన్లే కాబట్టి నేను ముఖ్యంగా వాళ్ల గురించే చెబుతాను.

అసలు విషయంలోకి వెళ్లేముందు ఒక మాట. మన పల్లెల్లో చేతబడి చేశారనీ బాణామతి చేశారనీ అనుమానించి మనుషుల్ని కొట్టి చంపిన ఘటనలున్నాయి. అది నేరం. ఆ అనుమానాలకూ నేను చెప్పబోయే మతానికీ ఏ సంబంధమూ లేదు. ఎవరికీ హాని చేయకూడదన్నది విక్కన్ల మొదటి నియమం. వాళ్లు సైతానును కొలవరు, నమ్మరు కూడా. వాళ్లకున్నది ఒక దేవి, కొమ్ములున్న ఒక దేవుడు.

ఇప్పుడు పూజ దగ్గరికి వద్దాం. గది మధ్యలో పీఠంగా చిన్న బల్ల, దాని మీద గుడ్డ, కొవ్వొత్తులు. ఒక గిన్నెలో నీళ్లు, ఇంకో గిన్నెలో ఉప్పు. పూజ నడిపించే ఆవిడ నల్ల పిడి కత్తి చేతిలోకి తీసుకుంటుంది. దాన్ని అథామే అంటారు. రెండు వైపులా అంచున్న బాకు అది. దాని మొన నీళ్లలో ముంచి, ఇందులో ఏ చెడూ ఉండకూడదని పలుకుతుంది. తర్వాత మొన ఉప్పుకు ఆనిస్తుంది. ఆ ఉప్పు నీళ్లలో కలిపి గది నాలుగు వైపులా చల్లుతారు, ధూపం వేస్తారు. ఆ తర్వాత ఆవిడ చెయ్యి చాచి, కత్తి మొన బయటికి పెట్టి, ప్రదక్షిణంగా తిరుగుతూ గాలిలోనే ఒక వలయం గీస్తుంది. కొన ఎక్కడా నేలను తాకదు. పాత పద్ధతిలో ఆ వలయం వ్యాసం తొమ్మిది అడుగులు. గీసిన క్షణం నుంచి లోపలి చోటు గుడి. పూజ అయ్యాక ఆ వలయాన్ని విప్పేస్తారు, అది మళ్లీ మామూలు హాలు అయిపోతుంది. విక్కాలో కట్టిన గుళ్లు చాలా అరుదు. అందుకే ఎప్పటికప్పుడు గుడి గీసుకునే పనిముట్టుకు అంత విలువ.

ఈ కత్తితో చాలామంది దేన్నీ కోయరు. మూలికలు కోయడానికి, కొవ్వొత్తి మీద అక్షరాలు చెక్కడానికి తెల్ల పిడి కత్తి వేరే ఉంటుంది. చివర్లో రొట్టె, ద్రాక్షసారా పంచుకునేటప్పుడు ఒకరు పానపాత్ర పట్టుకుంటే ఇంకొకరు అథామే మొనను అందులోకి దించుతారు. దేవి, దేవుడు కలిస్తేనే సృష్టి అని దాని అర్థం. ఈ వివరమంతా ఎందుకు చెప్పానంటే, కత్తి అనగానే మనకు రక్తం గుర్తొస్తుంది. విక్కా పూజలో జంతుబలి లేదు. ఆ కత్తి పని గీయడం, చూపించడం, నీళ్లను తాకడం, అంతే.

మరి ఈ వస్తువులు ఎక్కడి నుంచి వచ్చాయి? నన్ను ఈ విషయం వైపు లాగింది ఈ ప్రశ్నే. జవాబు చెప్పాలంటే విక్కాను నిలబెట్టిన జెరాల్డ్ గార్డ్‌నర్ దగ్గర మొదలుపెట్టాలి. 1884లో లివర్‌పూల్ దగ్గర పుట్టాడు. చిన్నప్పటి నుంచి ఆస్తమా. అందుకే వేడి దేశాల్లో బతికాడు. సిలోన్‌లో టీ తోటలు, తర్వాత బోర్నియో, మలయా, చివరికి కస్టమ్స్ అధికారిగా ఉద్యోగం. మలయాలో అతన్ని కట్టిపడేసింది క్రిస్ అనే బాకు. వంకర్లు తిరిగిన అంచు, తండ్రి నుంచి కొడుక్కి వచ్చే ఆస్తి, దానికి ప్రాణముందని అక్కడి నమ్మకం. 1936లో దాని మీద గార్డ్‌నర్ ఒక పుస్తకమే రాశాడు. ఆ ఏడాదే రిటైరయ్యాడు. కత్తికి ప్రాణముందని నమ్మే మనుషుల మధ్య ఏళ్లకేళ్లు గడిపినవాడు, తర్వాత తాను నిలబెట్టిన మతంలో కత్తినే నడిమధ్యలో పెట్టడం కాకతాళీయమని నేను అనుకోను.

ఇంగ్లండు వెళ్లాక దక్షిణాన న్యూ ఫారెస్ట్ ప్రాంతంలో ఒక రోసిక్రూషియన్ బృందంలో, అంటే గూఢవిద్యలు నేర్చుకునే బృందంలో చేరాడు. అందులో ఉన్నవాళ్లలో మేబెల్ బెసెంట్ స్కాట్ ఒకరు. ఆవిడ అనీబిసెంట్ కూతురు. మన మదనపల్లెలో కాలేజీ పెట్టిన అనీబిసెంటే. 1939లో అదే ప్రాంతంలో మంత్రగత్తెల బృందం ఒకటి తనకు దీక్ష ఇచ్చిందనీ, అది క్రైస్తవానికి ముందునుంచీ గుట్టుగా బతికొస్తున్న పాత మతమనీ గార్డ్‌నర్ చెప్పాడు. ఆ పూజలను ముందు 1949లో ఒక నవలలో దాచి చూపించాడు. 1735 నాటి మంత్రవిద్య చట్టాన్ని 1951లో బ్రిటన్ రద్దు చేశాక, 1954లో సొంత పేరుతో బాహాటంగా రాశాడు.

దీక్ష తీసుకునేవాళ్లకు అతని పద్ధతిలో ఎనిమిది వస్తువులు చూపిస్తారు. ఖడ్గం, అథామే, తెల్ల పిడి కత్తి, దండం, పెంటకిల్ అనే నక్షత్రపు బిళ్ల, ధూపపాత్ర, కొరడా, తాళ్లు. ఈ జాబితాను ఒక్కసారి నిదానంగా చూడండి. నల్ల పిడి కత్తి, తెల్ల పిడి కత్తి రెండూ "కీ ఆఫ్ సాలమన్" అనే పాత మంత్రగ్రంథంలో కనిపిస్తాయి. దాన్ని 1889లో ఇంగ్లీషులో అచ్చు వేయించినవాడు మాథర్స్. అంతకు ముందు ఏడాదే అతను మరో ఇద్దరితో కలిసి లండన్‌లో గోల్డెన్ డాన్ అనే మంత్రవిద్యా సంఘం పెట్టాడు. దండం, పాత్ర, బాకు, పెంటకిల్ అనే నాలుగింటినీ అగ్ని, నీరు, వాయువు, భూమి అనే నాలుగు భూతాలకు జత చేసి వాడింది ఆ సంఘం. అంటే పీఠం మీదున్న వాటిలో సగం పైగా చదువుకున్న మగవాళ్ల పుస్తకాల్లోంచి వచ్చినవే.

కాగు, చీపురు ఆ ఎనిమిదింటిలో లేవు. కానీ ఈనాటి విక్కన్ల ఇళ్లలో అవి చాలాచోట్ల కనిపిస్తాయి. వాటిది వేరే వంశం. వంటింటిది. ఐరోపా పల్లెల్లో ఏ పేదరాలి గుడిసెలోనైనా ఉండే రెండు వస్తువులు అవి. ఆడవాళ్లు కర్రల మీదా చీపుర్ల మీదా ఎగురుతున్నట్టు తొలిసారి కనిపించే బొమ్మల్లో ఒకటి 1451 నాటి ఫ్రెంచి రాతప్రతి అంచు మీద ఉంది. తర్వాత రెండు మూడు శతాబ్దాల పాటు అలాంటి ఊహల మీదే వేలమందిని విచారించి చంపారు. ఇళ్లు ఊడ్చే చీపురునే సాక్ష్యం చేసిన కాలం అది. ఈరోజు విక్కన్లు ఆ చీపురుతోనే పూజకు ముందు వలయం ఊడుస్తారు. దుమ్ము కోసం కాదు, ఆ చోటుకు పట్టిన దిగులు, కోపం, పొద్దుటి టెన్షన్ ఊడ్చేయడానికి. పెళ్లిలో వధూవరులు చెయ్యీ చెయ్యీ పట్టుకుని దాన్ని దాటుతారు. నిందకు వాడుకున్న వస్తువును పూజలోకి తెచ్చుకోవడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

కాగుకైతే ఇంకా పాత చరిత్ర ఉంది. డెన్మార్క్‌లో గుండెస్ట్రప్ అనే చోట 1891లో ఒక బురద నేలలో వెండి కాగు బయటపడింది. దాదాపు తొమ్మిది కిలోలు. విడదీసి, రేకులన్నీ లోపల పెట్టి, దేవతలకు అర్పించినట్టు వదిలేశారు. ఒక రేకు మీద దుప్పికొమ్ములతో బాసింపట్టు వేసుకు కూర్చున్న మూర్తి ఉంది. కొమ్ముల దేవుడి గురించి మాట్లాడే ప్రతి పేగన్ ఆ బొమ్మ ఎరుగు. ఇప్పుడది కోపెన్‌హాగెన్‌లోని నేషనల్ మ్యూజియంలో ఉంది. వేల్స్ కథల్లో కెరిద్వెన్ అనే ఆవిడ జ్ఞానరసం ఏడాది పాటు మరిగించింది కూడా కాగులోనే. అక్టోబరు చివర్లో వచ్చే సావిన్ పండగకు కాగులో నిప్పు రాజేస్తారు, లేదంటే నీళ్లు పోసి వాటిలోకి చూస్తూ కూర్చుంటారు. అది దేవి గర్భమని వాళ్ల భావన.

పుస్తకం వంశం, వంటింటి వంశం. నేను చెప్పదలుచుకున్నది ఇదే. విక్కా పీఠం మీద ఈ రెండూ కలిశాయి. కలిసింది ఇరవయ్యో శతాబ్దం నడుమ. గార్డ్‌నర్ చెప్పినట్టు వేల ఏళ్ల గుప్త మతమేదీ తెంపు లేకుండా రాలేదని రోనాల్డ్ హట్టన్ లాంటి చరిత్రకారులు చూపించారు. చాలామంది పేగన్లు ఆ మాట హుందాగా ఒప్పుకున్నారు. నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది కూడా అందుకే. కొత్తదైతే అబద్ధమని ఎందుకు అనుకోవాలి? దసరాకు మన వడ్రంగి ఉలికి, డ్రైవరు స్టీరింగుకి బొట్టు పెడతారు. ఆ స్టీరింగు వయసెంతని ఎవరూ అడగరు. ఏడాదంతా ఆ చేతుల్లో నడిచిందన్నదే దాని అర్హత.

ఈ వస్తువుల అర్థాలు స్థిరంగా లేవన్నది కూడా గమనించాలి. గోల్డెన్ డాన్ లెక్కలో దండం అగ్ని, బాకు వాయువు. ఇప్పటి విక్కన్లలో చాలామందికి కత్తి అగ్ని, దండం వాయువు. కొలిమిలో పుట్టింది కాబట్టి కత్తి అగ్ని అంటారు వీళ్లు. గాలికి ఊగే చెట్టు కొమ్మ కాబట్టి దండం వాయువు అంటారు. పెద్ద వాదనలే జరిగాయి. దిక్కుల సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఇంగ్లండులో అగ్నిని దక్షిణాన పెడతారు, మధ్యాహ్నం సూర్యుడు అటే ఉంటాడు కాబట్టి. ఆస్ట్రేలియాలో మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరాన. అందుకని అక్కడి పేగన్లు చాలామంది అగ్నిని ఉత్తరానికి మార్చి, వలయం కూడా గడియారానికి ఎదురు తిప్పుతారు. సూర్యుడు ఎటు నడిస్తే అటు. పుస్తకంలో ఉంది కదా అని గుడ్డిగా చేయకుండా, తలెత్తి ఆకాశం చూసి మార్చుకున్నారు. ప్రకృతిని కొలిచే మతం ఇలాగే ఉండాలని నా అభిప్రాయం.

మిగతా మార్గాల గురించి రెండు ముక్కలు. డ్రూయిడ్లు బంగారు కొడవలితో ఓక్ చెట్టు మీద పెరిగే మిజిల్‌టో అనే బదనిక కోసేవారని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఈనాటి డ్రూయిడ్లకు కొడవలి గుర్తుగా మిగిలింది అక్కడి నుంచే. హీథెన్లకు సారా పోసి చుట్టూ అందించే కొమ్ము, ఒట్టు పెట్టే ఉంగరం, థోర్ సుత్తి ముఖ్యం. ఐస్‌లాండులో వాళ్ల సంఘాన్ని ప్రభుత్వం 1973లోనే మతంగా గుర్తించింది.

గుర్తింపు అన్నాను కాబట్టి పెంటకిల్ సంగతి చెప్పాలి. పీఠం మీద అది భూమికి గుర్తు. చెక్కతోనో రాగితోనో చేసిన బిళ్ల, రొట్టెను దాని మీదే పెడతారు. 2005లో అఫ్ఘానిస్తాన్‌లో ఒక అమెరికన్ సైనికుడు చనిపోయాడు. అతను విక్కన్. సైనికుల సమాధుల మీద చెక్కడానికి ప్రభుత్వం ఒప్పుకున్న మత చిహ్నాల్లో పెంటకిల్ లేదు. శిలువకు, దావీదు నక్షత్రానికి, ఇంకా ఎన్నింటికో చోటుంది, దీనికి లేదు. అతని భార్య, ఇంకొందరు కోర్టుకెక్కారు. 2007లో ప్రభుత్వం దిగొచ్చి పెంటకిల్‌ను జాబితాలో చేర్చింది. థోర్ సుత్తి 2013లో చేరింది. ఒక బిళ్ల మీది గీతల కోసం ఒక భార్య అంతదూరం వెళ్లిందంటే, దాన్ని ఆటబొమ్మ అని ఎవరైనా అంటే నేను ఊరుకోలేను. కత్తి విషయంలో బ్రిటన్ చట్టం కొంత ఉదారంగా ఉంది. బహిరంగ స్థలంలో కత్తి పట్టుకు తిరగడం నేరమే అయినా, మతపరమైన కారణాన్ని 1988 చట్టం ఒప్పుకుంటుంది. సిక్కుల కృపాణానికి రక్షణ ఇచ్చే మాట కూడా అదే.

ఇప్పుడు ఇవన్నీ ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. రాళ్లు పొదిగిన కత్తులు, స్ఫటికం బిగించిన దండాలు. కొనడం తప్పని అనను. పూజా వస్తువు కొనేటప్పుడు బేరమాడకూడదని పాత నియమం కూడా ఉంది. కానీ అనుభవజ్ఞులు కొత్తవాళ్లకు ఇచ్చే సలహా వేరు. ముందు చేతులతో మొదలుపెట్టు, వేలితో వలయం గీయి, ఆ తర్వాత నీకు ఏది కావాలో తెలుస్తుంది అంటారు. దండం కోసం కొమ్మ కోస్తే చెట్టును అడిగి కోయమంటారు, బదులుగా నీళ్లో మరోటో ఇమ్మంటారు. వంటింటి మంత్రగత్తెలమని చెప్పుకునేవాళ్లైతే కూర కలిపే చెక్క గరిటెనే దండంగా వాడతారు. అథామేతో రొట్టె కోస్తారు. కోస్తే దాని శక్తి పోతుందని సంప్రదాయవాదులు, కోస్తేనే పెరుగుతుందని వీళ్లు. నేను వీళ్ల వైపే.

గార్డ్‌నర్ 1964లో చనిపోయాడు. ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో అతను నడిపిన మంత్రవిద్య మ్యూజియం, అందులోని కత్తులు, పూజా సామగ్రి వారసుల చేతికి వచ్చాయి. 1973లో వాళ్లు ఆ సేకరణను రిప్లీస్ అనే వినోద సంస్థకు అమ్మేశారు. వింతలు చూపించి టికెట్టు వసూలు చేసే సంస్థ అది. చాలామంది విక్కన్లకు ఆ గాయం ఇప్పటికీ మానలేదు. పూజలో వాడిన కత్తిని తర్వాత ఎవరికి అప్పగించాలి, శిష్యులకా, మట్టికా, మ్యూజియానికా అన్న చర్చ వాళ్లలో నడుస్తూనే ఉంది. మ్యూజియాన్నీ నేను తీసిపారేయను. గార్డ్‌నర్‌కు ముందు ఆ మ్యూజియాన్ని మొదలుపెట్టిన సెసిల్ విలియమ్సన్ తన వాటా వస్తువులతో 1960లో కార్న్‌వాల్‌లోని బోస్‌కాజిల్‌లో వేరే మ్యూజియం పెట్టాడు. 2004 వరదల్లో అది నీట మునిగింది. శుభ్రం చేసి మళ్లీ తెరిచారు. ముడిలో గాలిని బంధించామని చెప్పి నావికులకు అమ్మిన తాళ్లు, చిల్లున్న రాళ్లు, గుడ్డ బొమ్మలు, అన్నీ పల్లె మనుషులు వాడినవి అక్కడ చూడొచ్చు. బ్రిటన్ వెళ్లేవాళ్లెవరైనా ఉంటే ఒక పూట దానికి కేటాయించండి. కత్తులున్న అద్దాల పెట్టెల కంటే ముందు ఆ తాళ్ల దగ్గర ఆగండి.

నా మాటలు ఇక్కడికి ఆపుతాను. ప్రశ్నలుంటే అడగండి.