ఓవల్ కాదు, లీడ్స్ గుర్తుంచుకోండి

అందరికీ నమస్కారం. ఆస్ట్రేలియా బ్యాటర్ డాన్ బ్రాడ్‌మన్ పేరెత్తితే చాలామంది 99.94 సగటు దగ్గర మొదలుపెట్టి, 1948లో లండన్‌లోని ఓవల్ మైదానంలో, తన చివరి టెస్టు ఇన్నింగ్స్‌లో, ఇంగ్లండ్ బౌలర్ హోలీస్ గూగ్లీకి సున్నాకే బౌల్డైన దగ్గర ఆపేస్తారు. ఇంకో నాలుగు పరుగులు కొట్టుంటే సగటు సరిగ్గా 100 అయ్యేదని బాధపడతారు. నాకు మాత్రం ఆయన అంటే ఆయన పెరిగిన బౌరాల్ ఊళ్లో ఇంటి వెనక నీళ్ల ట్యాంకు గుర్తొస్తుంది. ఆ ట్యాంకు కింది గోడకేసి గోల్ఫ్ బంతిని కొట్టి, అది ఎటు తిరిగొస్తుందో తెలియకపోయినా చేతిలో ఉన్న వికెట్ కర్రతోనే మళ్లీ కొట్టేవాడు, ఒక్కడే, గంటల తరబడి. అంత సన్నటి కర్రతో ఆడినవాడికి బ్యాట్ ఎంత వెడల్పుగా కనిపించి ఉంటుందో ఆలోచించండి! బంతిని నేల మీదే ఉంచడం ఆయన పద్ధతి. 52 టెస్టుల్లో 6996 పరుగులు చేస్తే అందులో సిక్సర్లు ఆరంటే ఆరే.

1928లో బ్రిస్బేన్‌లో మొదటి టెస్టులో 18, 1 కొడితే తర్వాతి టెస్టుకి పక్కన పెట్టేశారు. మూడో టెస్టులో మళ్లీ అవకాశం ఇస్తే 79, 112 చేశాడు. 1930లో ఇంగ్లండ్ వెళ్లి ఏడు ఇన్నింగ్స్‌లో 974 పరుగులు చేశాడు, లీడ్స్‌లో ఒక్కరోజే 309. ఒక సిరీస్‌లో అన్ని పరుగులు ఇప్పటికీ ఎవరూ చేయలేదు.

ఈయన్ని ఎలా ఆపాలా అని ఇంగ్లండ్ కెప్టెన్ జార్డిన్ బాడీలైన్ అనే ఎత్తుగడ పట్టుకొచ్చాడు. లెగ్ సైడ్ అంతా ఫీల్డర్లని పెట్టి, ఫాస్ట్ బౌలర్ లార్‌వుడ్ చేత బ్యాటర్ ఒంటి మీదకే బంతులు వేయించాడు, హెల్మెట్లు లేని ఆ రోజుల్లో! సిరీస్ ఇంగ్లండే గెలిచింది, బ్రాడ్‌మన్ సగటూ పడిపోయింది, నిజమే. కానీ పడిపోయి ఎంతకొచ్చింది? 56కి. మంచి బ్యాటర్లు కెరీర్ మొత్తం ఆడినా అందుకోలేని సగటు అది, ఈయనకి మాత్రం ఫెయిల్యూర్ కింద లెక్క.

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1938 ఆగస్టు తర్వాత 1946 నవంబరు దాకా ఆయన ఒక్క టెస్టూ ఆడలేదు. బ్యాటర్ ఆట పండే వయసంతా అందులోనే పోయింది.

అందుకే పిల్లలకి నేను ఓవల్ సున్నా గురించి కాదు, దానికి ముందు టెస్టు గురించి చెబుతాను. మళ్లీ లీడ్సే. చివరి రోజు ఆస్ట్రేలియా గెలవాలంటే 404 కావాలి. ఆయన జట్టు ఓపెనర్ మోరిస్ 182 కొట్టాడు. నలభయ్యో పుట్టినరోజుకి సరిగ్గా నెల ముందు బ్రాడ్‌మన్ 173 కొట్టి, మ్యాచ్ గెలిపించి, నాటౌట్‌గా బయటికొచ్చాడు.