సర్వేలో 70 మంది, గదిలో 13 మంది: అంగన్‌వాడీ లెక్క ఇదీ

నమస్కారం. నర్సంపేట వైపు గానీ, పరకాల వైపు గానీ, ఊళ్లో నలుగురు చేరిన చోట అంగన్‌వాడీ మాట వస్తే ఒక ఆరోపణ తప్పక వినిపిస్తుంది: “రాసుకున్నది 70 మందిని, గదిలో ఉన్నది 13 మంది, మిగిలినవన్నీ దొంగ పేర్లే.” అక్రమాలు ఎక్కడా లేవని నేను అనను. అయితే ఒక్క పేరు కూడా అబద్ధం కాకుండానే 70 మంది 13 మంది కాగలరని ఈ వీడియోలో చూపిస్తాను.

[తెరపై: 800 జనాభా ఉన్న ఊరు]

ఒక కేంద్రానికి 400 నుంచి 800 జనాభా అన్నది మైదాన ప్రాంతాల ప్రమాణం కనుక, 800 మంది ఉన్న ఊరిని ఊహించుకుందాం. తెలంగాణలో వెయ్యి మంది జనాభాకు ఏటా సుమారు 16 జననాలు ఉంటాయి. ఆ ప్రకారం మన ఊళ్లో ఏడాదికి 13 మంది పుడతారు. 7 నెలల నుంచి మూడేళ్ల లోపు వారు 31 మంది, మూడు నుంచి ఆరేళ్ల లోపు వారు 39 మంది, వెరసి 70. టీచర్ ఇల్లిల్లూ తిరిగి సర్వే రిజిస్టరులో రాసుకున్న సంఖ్య ఇదే.

ఆ 31 మంది చిన్నారులు గదిలో కూర్చోవలసిన వారే కారు. తల్లులు నెలకొకసారి వచ్చి, రెండున్నర కిలోల బాలామృతం (చిన్నారులకు ఇచ్చే పోషకాహార పొడి) తీసుకొని ఇంటికి వెళతారు. మిగిలిన 39 మందిలో ఐదేళ్లు నిండిన 13 మంది జూన్‌లో ఒకటో తరగతిలో చేరితే, 26 మంది మిగులుతారు. పొద్దున్నే ప్రైవేటు బడి బస్సు వచ్చి, మెడలో టై, వీపున బ్యాగు ఉన్న మూడేళ్ల పిల్లలను నర్సరీకి ఎక్కించుకొని పోతుంది. ఆ 26 మందిలో సగం మంది ఆ బస్సెక్కినా, గుడ్డు, అన్నం తినడానికి చాపల మీద కూర్చునేది 13 మందే. ఇందులో టీచర్ దాచినది ఏముంది?

ఇక ఆ 13 మందిలో ఎనిమిది మంది అబ్బాయిలు, ఐదుగురు అమ్మాయిలు ఉంటే, ఆడపిల్లలను పంపడం లేదని వెంటనే తీర్పు చెప్పేస్తారు. ఇంత చిన్న సంఖ్యలో ఆ తేడా ఊరకే కూడా రావచ్చు. ఇద్దరు పిల్లలు మానేస్తే చాలు, హాజరు 15 శాతం పడిపోయినట్లు కనిపిస్తుంది. అందువల్ల మూడు నాలుగేళ్ల లెక్కలను కలిపి చూడాలి. అలా చూసినప్పుడు అమ్మాయిలే ఎక్కువగా ఉంటే సంతోషపడే ముందు, కొడుకులను మాత్రమే ఆ బస్సెక్కిస్తున్నారా అని అడగాలి. నాకు అసలు బాధ కలిగించేది ఆ ప్రశ్నే, ఎవరూ అడగనిదీ అదే.

సమయం తక్కువగా ఉంది కనుక మిగిలిన రెండు విషయాలు త్వరగా చెబుతాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఒక్కో మహిళకు సగటున 1.8 మంది పిల్లలే. కాబట్టి మన ఊళ్లో ఆ 13 జననాలు కూడా క్రమంగా తగ్గుతాయి. రెండవది వలస: మిరప ఏరే కాలంలో తల్లిదండ్రుల వెంట పిల్లలూ వెళతారు, ఇక్కడ హాజరు పడిపోతుంది. వెళ్లిన చోటి కేంద్రానికి పిల్లల నమోదును మార్చుకునే వీలు, అంగన్‌వాడీ పిల్లల వివరాలు నమోదు చేసే పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఉంది. బయలుదేరే ముందు తల్లి ఈ సంగతి టీచర్‌కు చెప్పి, అక్కడికి చేరగానే ఆ ఊరి కేంద్రంలో అడగాలి.