మారుతి 800 కింద ఆయిల్ చుక్కలు: గేర్‌బాక్స్ దించే ముందు ఒకసారి పైనుంచి చూడండి

నమస్కారం అండి. ముందు ఈ అట్ట చూడండి. నిన్న రాత్రి పదింటికి బండి కింద పరిచాను, ఇప్పుడు పొద్దున్న ఆరున్నర. ఇదిగో, ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోటికి సరిగ్గా కింద రూపాయి బిళ్లంత మచ్చ. ఆ పక్కనే రెండు చిన్న చుక్కలు. అట్ట మీద పెన్నుతో బాణం గీశాను కదా, అది బండి ముందు వైపుకి గుర్తు. ఆ బాణం లేకపోతే అట్ట బయటికి లాగాక ఏ చుక్క ఎక్కడ పడిందో చెప్పలేం.

ఇది 1991 మోడల్ మారుతి 800, మా నాన్నగారి బండి. 796 సీసీ, మూడు సిలిండర్లు, కార్బురేటర్ ఇంజిన్. వయసైన ఏ ఇంజిన్‌కైనా రబ్బరే ముందు దెబ్బ తింటుంది. వేడికి గట్టిపడి, బిగువు పోయి, ఆయిల్‌కి దారి ఇచ్చేస్తుంది. అందులోనూ మన విజయవాడ మే నెల ఎండల్లో, బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో నిలబడి నిలబడి వెళ్తే బానెట్ కింద వేడి ఎలా ఉంటుందో మీకు తెలుసు.

నాలుగేళ్ల క్రితం ఇదే చోట ఆయిల్ పడితే ఒక షెడ్డుకి తీసుకెళ్లాను. కిందనుంచి టార్చి వేసి చూసి, "క్రాంక్ బ్యాక్ సీల్ పోయిందండీ, గేర్‌బాక్స్ దించాలి" అన్నారు. అంటే క్రాంక్ షాఫ్ట్‌కి గేర్‌బాక్స్ వైపు చివర ఉండే ఆయిల్ సీల్. సరే అన్నాను. రెండు రోజులు బండి అక్కడే. గేర్‌బాక్స్ దించారు, కొత్త సీల్ వేశారు, ఎలాగూ దించాం కదా అని క్లచ్ ప్లేట్ కూడా మార్చారు. ఇంటికి తెచ్చిన మర్నాడే మళ్లీ అదే చుక్క, అదే చోట. నాన్నగారు ఏమీ అనలేదు, ఆ చుక్క వైపు చూస్తూ నిలబడ్డారు. ఆ రోజు నాకు చాలా బాధేసింది. అసలు లీకు ఎక్కడో తర్వాత నేనే పట్టుకున్నాను. ఆ పద్ధతే ఇవాళ మీకు చూపిస్తాను, ఎందుకంటే మళ్లీ అదే చోట చుక్క కనిపిస్తోంది.

మొదట ఆ చుక్క ఏమిటో తేల్చుకుందాం. వేలికి అద్దుకుని టిష్యూ మీద రుద్దండి. ఇంజిన్ ఆయిల్ అయితే గోధుమ రంగు నుంచి నలుపు దాకా ఉంటుంది. గేర్ ఆయిల్ ఇంకా చిక్కగా ఉండి, ముక్కు దగ్గర పెట్టుకుంటే గంధకం వాసన కొడుతుంది. రేడియేటర్ నీళ్లు జిడ్డు ఆయిల్‌లా ఉండవు, రంగు వేరు. ఇది ఇంజిన్ ఆయిలే.

ఇప్పుడు అసలు మాట. ఆయిల్ కారిన చోట చుక్క పడదండి. పైనుంచి బ్లాక్ మీద జారి, ఏదో ఒక అంచు పట్టుకుని, అన్నిటికన్నా కింద ఉన్న మూలకి చేరి అక్కడ రాలుతుంది. బండి నడుస్తుంటే గాలి దాన్ని వెనక్కి కూడా తోస్తుంది. అందుకే కిందనుంచి చూసిన వాళ్లకి అన్నీ తడిగానే కనిపిస్తాయి. మనం వెతకాల్సింది అన్నిటికన్నా పైన ఉన్న తడి.

దానికి ముందు ఇంజిన్ కడగాలి. ఈ పని మీద బద్ధకించకండి, సగం పని ఇదే. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి, బ్యాటరీ నెగటివ్ తీసేయాలి. కార్బురేటర్‌కి, డెల్కోకి (అంటే ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్), ఆల్టర్నేటర్‌కి ప్లాస్టిక్ కవర్లు చుట్టండి. నేను కిరసనాయిలు, పాత పెయింటు బ్రష్షు వాడతాను. దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల ఏదీ ఉండకూడదు. తర్వాత సబ్బు నీళ్లతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. కిందికి దూరాల్సి వస్తే జాకీ ఒక్కదాన్నే నమ్మకండి. స్టాండ్లు పెట్టండి, వెనక చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టండి.

ఆరింది కదా. ఇప్పుడు మొహానికి రాసుకునే పౌడర్ పల్చగా చల్లుతున్నాను. టాపెట్ కవర్, అంటే ఇంజిన్ హెడ్ మీది మూత అంచుల చుట్టూ, డెల్కో కింద, ఆయిల్ ప్రెషర్ స్విచ్ దగ్గర, ఫిల్టర్ దగ్గర. పటమట నుంచి వారధి దాటి మంగళగిరి దాకా వెళ్లి వస్తాను. ఇంజిన్ బాగా వేడెక్కాలి, ఊరికే ఇంటి ముందు స్టార్ట్ చేసి ఉంచితే చిన్న లీకులు బయటపడవు.

వచ్చేశాను. మా బావమరిది లైటు పట్టుకున్నాడు, ఇటు రండి. బెల్‌హౌసింగ్, అంటే ఇంజిన్‌కి ఆనుకుని క్లచ్‌ని కప్పి ఉండే గేర్‌బాక్స్ భాగం, దాని పైభాగం చూడండి, తెల్లటి పౌడర్ మీద చీమల బారులా సన్నగా నల్ల గీత. దాన్నే పట్టుకుని పైకి వెళ్దాం. ఇదిగో ఇక్కడ... డెల్కో మెడ దగ్గర మొదలైంది. దానికి పైన అంతా పొడిపౌడరే. ఇంకో తడి ఇక్కడ, టాపెట్ కవర్ వెనక మూల. ఈ రెండూ గేర్‌బాక్స్ వైపే ఉంటాయి, ఆ ఆయిలంతా బెల్‌హౌసింగ్ మీద పడి కింద జాయింట్ దగ్గర రాలుతుంది. కింద పడుకుని చూస్తే అచ్చం బ్యాక్ సీల్ పోయినట్టే ఉంటుంది. నా డబ్బులు ఆ రోజు పోయింది ఇందుకే.

విప్పే ముందు ఒక్క పరీక్ష. టాపెట్ కవర్ నుంచి ఎయిర్ క్లీనర్‌కి వెళ్లే ఈ బ్రీదర్ పైపు తీసి చూడండి. లోపల మడ్డి పట్టి మూసుకుపోతే ఇంజిన్‌లో గాలి బయటికి పోలేక ప్రెషర్ పెరుగుతుంది, ఎక్కడ సీల్ బలహీనంగా ఉంటే అక్కడ ఆయిల్ తోసేస్తుంది. అలాంటప్పుడు ఎన్ని ప్యాకింగులు (గాస్కెట్లు) మార్చినా నెలకే మళ్లీ కారుతుంది. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే చోటి మూత తీసి, తిరగేసి, ఆ రంధ్రం మీదే వదులుగా పెట్టండి. కొద్దిగా వణికితే పర్లేదు. ఎగిరి పడిపోతూ, పొగ బుస్సుబుస్సుమని వస్తుంటే, పైపు కూడా శుభ్రంగా ఉంటే, పిస్టన్ రింగులు అరిగినట్టే. అది వేరే పెద్ద పని. మనది చూడండి, వణుకుతోంది అంతే.

ముందు డెల్కో. క్యాప్ తీసి, లోపల తిరిగే ముక్క, అంటే రోటర్, ఎటు చూస్తోందో హెడ్ మీద తెల్ల పెయింటుతో గుర్తు పెట్టాను. డెల్కో బాడీకి, దాని కింది భాగానికి కలిపి ఇంకో గీత. బోల్టు తీసి నిదానంగా పైకి లాగుతుంటే రోటర్ కొంచెం తిరుగుతుంది, అది ఆగిన చోట ఇంకో గుర్తు పెట్టండి. తిరిగి దించేటప్పుడు అక్కడినుంచే మొదలుపెట్టాలి. డెల్కో బయట ఉన్నంతసేపు ఎవరూ తాళం తిప్పకూడదు.

డెల్కో మెడ చుట్టూ ఉండే ఈ రబ్బరు ఓ-రింగు చూడండి. గుండ్రంగా ఉండాల్సింది, అంచు చదునైపోయి ప్లాస్టిక్ ముక్కలా ఉంది. వంచితే... విరిగిపోయింది. కొత్తది కొనేటప్పుడు విరిగిన ముక్క అయినా సరే చేతిలో పట్టుకుని ఆటోనగర్ వెళ్లండి. లోపలి కొలత, మందం రెండూ కలవాలి. మామూలు నైట్రైల్ రబ్బరు 100 డిగ్రీల వేడి దాకా బాగా ఆగుతుంది, వైటన్ రబ్బరు 200 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. ధర కాస్త ఎక్కువైనా వైటన్ అడగండి, నా మాట వినండి. కొత్త రింగుకి వేలితో ఇంజిన్ ఆయిల్ రాసి, మెలిక పడకుండా ఎక్కించి, గుర్తుల ప్రకారం దించేయడమే. చివర్లో టైమింగ్ లైట్ పెట్టి స్పార్క్ సరైన సమయానికి పడుతోందో ఒకసారి సరిచూసుకోవాలి.

ఇక టాపెట్ కవర్. పాత ప్యాకింగ్ గీకడానికి స్క్రూడ్రైవర్ వాడకండి. హెడ్ అల్యూమినియంది, ఒక్క గీత పడినా ఆయిల్‌కి అదే కాలవ. నేను ఐస్‌క్రీమ్ పుల్ల చెక్కి వాడుతున్నాను. గీకేముందు లోపల శుభ్రమైన గుడ్డ పరచండి, ముక్కలు లోపల పడకూడదు. ఇప్పుడు కవర్‌ని ఈ అద్దం మీద బోర్లిస్తున్నాను. వేలితో మూల నొక్కితే టకటకమంటోంది, విన్నారా? ఎవరో బోల్టు బలంగా బిగించి రేకుని లోపలికి వంచేశారు. కింద చెక్క పెట్టి, చిన్న సుత్తితో మెల్లగా కొడుతూ, మళ్లీ అద్దం మీద చూస్తూ... ఇప్పుడు చప్పుడు లేదు. ఈ పని చేయకుండా కొత్త ప్యాకింగ్ వేస్తే దండగ.

చాలామంది ఇక్కడ చుట్టూ అనబాండ్, అంటే ట్యూబులో వచ్చే సీలింగ్ జిగురు, దట్టంగా పూసేస్తారు. వద్దండి. ఎక్కువైనది లోపలికి పిండుకుని, ఊడి, ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే చాంబర్‌లోకి పడి ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడొచ్చు. మూలల్లో పప్పు గింజంత చాలు. బోల్టులు అన్నీ చేత్తో ఎక్కించి, తర్వాత రెండు మూడు విడతల్లో కొంచెం కొంచెంగా బిగించండి. పానాని చివర పట్టుకోవద్దు, మెడ దగ్గర రెండు వేళ్లతో పట్టుకోండి.

మీ బండిలో తడి వేరే చోట కనిపిస్తే? ప్రెషర్ స్విచ్ మధ్యలోంచి కారితే స్విచ్ మార్చడమే. ఫిల్టర్ దగ్గరైతే పాత రబ్బరు రింగు అంటుకుపోయి రెండు రింగులు పడ్డాయేమో చూడండి. డ్రెయిన్ నట్ దగ్గరైతే కొత్త వాషర్ వేయండి, నట్ మీద బలం చూపించకండి. టైమింగ్ బెల్ట్ వైపు తడి ఉంటే మాత్రం వాయిదా వేయొద్దు, ఆయిల్ తాగిన బెల్ట్ పాడవుతుంది, సీల్‌తో పాటు బెల్ట్ కూడా మార్చించండి. పైనంతా పొడిగా ఉండి బెల్‌హౌసింగ్ లోపల్నించే ఆయిల్ వస్తుంటే, అప్పుడు బ్యాక్ సీల్. అప్పుడు గేర్‌బాక్స్ దించమనండి.

మళ్లీ మంగళగిరి వెళ్లి వచ్చి, రాత్రి కొత్త అట్ట పరిచాను. ఇది మర్నాడు పొద్దున్న. ఇదిగో లాగుతున్నాను... బాణం గుర్తు ఉంది, చుక్క లేదు. నాన్నగారు కూడా వచ్చి చూశారు, అట్ట తిరగేసి మరీ చూశారు.