ఫోన్-ఇన్: కాలేజీ చదువుకి ఏ ల్యాప్‌టాప్ కొనాలి?

యాంకర్: నమస్కారం. డిగ్రీ, ఇంజనీరింగ్‌లో చేరే పిల్లలకి తక్కువ ఖర్చులో, నాలుగేళ్లు నిలిచే ల్యాప్‌టాప్ ఎలా ఎంచుకోవాలో చెప్పడానికి సర్వీసింగ్‌లో అనుభవం ఉన్న నిపుణులు మనతో ఉన్నారు. మొదటి కాల్. హలో, చెప్పండి.

కాలర్: హలో... హలో? వినబడుతోందా అండీ?

యాంకర్: వినబడుతోందండీ, మీ దగ్గర సౌండ్ కాస్త తగ్గించండి.

కాలర్: ఆ, తగ్గించాను. సార్, మా అమ్మాయి మెకానికల్ ఇంజనీరింగ్‌లో చేరుతోంది. నాకు ఈ కంప్యూటర్ల గురించి ఏమీ తెలీదు. మా బావమరిది కొడుకేమో ఐ7 తీసుకో మావయ్యా, ఐ5 వద్దే వద్దు అన్నాడు. పక్కింటాయన గేమింగ్‌ది తీసుకుంటే అన్నిటికీ పనికొస్తుందంటాడు. ఇంట్లో వాళ్లు మ్యాక్ అంటున్నారు. ఈలోగా తెలిసినాయన ఒకాయన తను వాడిన ఐ7 చాలా తక్కువకే ఇస్తానన్నాడు. తీసేసుకోమంటారా?

నిపుణుడు: ఆగండాగండి. అమ్మాయి డిపార్ట్‌మెంట్‌లో ఏ సాఫ్ట్‌వేర్ వాడతారో అడిగారా?

కాలర్: లేద్సార్. అది కూడా అడగాలా?

నిపుణుడు: ముందు అడగాల్సింది అదే. మెకానికల్ అంటే సాలిడ్‌వర్క్స్ లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్ ఏదో ఒకటి ఉంటుంది. సాలిడ్‌వర్క్స్ అయితే విండోస్‌కే తయారైంది. మ్యాక్ కొన్నాక తెలిస్తే ఏం చేస్తారు? సీనియర్లని అడిగినా చెప్తారు. సరే, ఈ ఐ7, ఐ5 అనేవి ఇంటెల్ ప్రాసెసర్లు, కంప్యూటర్‌కి మెదడు లాంటివి. ఆ ఐ7 పక్కన నంబరు ఏముంది?

కాలర్: స్టిక్కర్ మీద ఐ7 అనే ఉంది సార్.

నిపుణుడు: స్టిక్కర్ కాదండీ. నేను రోజూ మొత్తుకునేది ఇదే, మోడల్ నంబర్ పూర్తిగా చదవాలి. సెట్టింగ్స్‌లో, సిస్టమ్‌లో, అబౌట్ అని ఉంటుంది. ఆయన ఫోటో ఏమైనా పంపాడా?

కాలర్: పంపాడు సార్, ఉండండి... ఆ, ఐ7, గీత, ఆరు ఆరు సున్నా సున్నా, యూ.

నిపుణుడు: 6600యూ. ఆ మొదటి 6 అంటే ఆరో తరం. 2015లో వచ్చిన చిప్ అది. రెండే కోర్లు, అంటే లోపల లెక్కలు చేసే భాగాలు రెండే. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన జాబితాలో ఇంటెల్‌వి దాదాపుగా ఎనిమిదో తరం నుంచే మొదలవుతాయి. విండోస్ 10కేమో మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. మీ మేనల్లుడు వద్దన్న ఐ5లో 1235యూ అని ఒకటుంది, పన్నెండో తరం. దాంట్లో పది కోర్లు. ఇప్పుడు చెప్పండి, ఏది మేలు?

కాలర్: అంటే... ఐ7 మంచిది కాదా?

నిపుణుడు: ఐ7 మంచిదే. ఆ ఐ7 పాతబడింది.

కాలర్: అర్థమైంది సార్. మరి ఆయన ఇంకా తగ్గిస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

నిపుణుడు: అయ్యా, ఊరికే ఇచ్చినా వద్దు! ఇప్పుడే కదా చెప్పాను. (నవ్వు) టెన్షన్ పడకండి, రాసుకోండి. 16 జీబీ ర్యామ్, అంటే పని జరిగేటప్పుడు వాడుకునే మెమరీ. 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, అంటే ఫైళ్లు దాచుకునే చోటు. బడ్జెట్ చాలకపోతే 8 జీబీతో కొనండి, కానీ ర్యామ్ పెంచడానికి ఖాళీ స్లాట్ ఉండాలి. కొన్నిటికి ర్యామ్ బోర్డుకే అతికించేసి ఉంటుంది, తర్వాత పెంచుదామన్నా కుదరదు. అది అడక్కుండా కొనొద్దు.

కాలర్: గేమింగ్‌ది సార్?

నిపుణుడు: పెద్ద పెద్ద త్రీడీ మోడల్స్, రెండరింగ్, అంటే వాటిని అసలు బొమ్మల్లా తయారుచేయడం, ఇవి చేస్తే గేమింగ్‌వాటిలో ఉండే గ్రాఫిక్స్ కార్డ్ పనికొస్తుంది. మొదటి ఏడాది పాఠాలకి అవసరం పడదు. బరువు, ఇటుకంత ఛార్జర్, క్లాసు మధ్యలో అయిపోయే బ్యాటరీ, అవన్నీ మోసేది అమ్మాయే. తననే అడగండి.

కాలర్: మరి ఐ7...

యాంకర్: థ్యాంక్యూ అండీ, ఇంకా చాలామంది లైన్లో ఉన్నారు. తర్వాతి కాలర్, హలో?

కాలర్: సార్, నేను బీకామ్ ఫస్టియర్. రీఫర్బిష్డ్, అదే వాడినదాన్ని బాగుచేసి అమ్మేది, తీసుకోవచ్చా? థింక్‌ప్యాడ్ చూశాను.

నిపుణుడు: తీసుకోవచ్చు. థింక్‌ప్యాడ్ టీ సిరీస్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్, ఇవి ఆఫీసుల కోసం చేసిన ల్యాప్‌టాప్‌లు. గట్టిగా ఉంటాయి, విప్పి బాగుచేయడం తేలిక. ఎనిమిదో తరానికి కింద మాత్రం వద్దు. బ్యాటరీ ఎంత మిగిలిందో చూశావా?

కాలర్: ఫుల్ ఛార్జ్ అని చూపించింది సార్.

నిపుణుడు: ఫుల్ అంటే ఎంతకి ఫుల్? కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, ఒక స్పేస్, స్లాష్, బ్యాటరీరిపోర్ట్ అని కలిపి కొట్టు. ఒక ఫైల్ వస్తుంది. అందులో డిజైన్ కెపాసిటీ 50,000 ఉండి, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ 30,000 ఉంటే, బ్యాటరీ అరవై శాతమే మిగిలినట్టు. కొత్త బ్యాటరీ ఖర్చు లెక్కలో వేసుకుని బేరమాడు. బయోస్‌కి, అంటే ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రామ్‌కి, పాస్‌వర్డ్ ఉందేమో కూడా చూడు బాబూ, పాత కంపెనీ లాక్ ఉంటే తర్వాత తలనొప్పి.

యాంకర్: మంచిది. నెక్స్ట్ కాలర్... హలో? హలో? లైన్ కట్టయినట్టుంది. ఇంకొకరు, చెప్పండి మేడమ్.

కాలర్: మా అబ్బాయి హిస్టరీ చదువుతున్నాడండీ. నోట్సు, వ్యాసాలు రాసుకోవడమే. క్రోమ్‌బుక్ సరిపోతుందా?

నిపుణుడు: క్రోమ్‌బుక్ అంటే విండోస్ కాకుండా గూగుల్ సిస్టమ్‌తో నడిచే ల్యాప్‌టాప్. పని బ్రౌజర్‌లోనే అయిపోతే సరిపోతుందమ్మా. విండోస్ సాఫ్ట్‌వేర్లు దాంట్లో ఎక్కవు. పరీక్షల కోసం ప్రత్యేక సాఫ్ట్‌వేర్ ఏమైనా పెట్టమంటారేమో ముందు కనుక్కోండి. దానికి అప్‌డేట్లు ఏ తేదీ వరకు వస్తాయో కూడా గూగుల్ మోడల్ వారీగా ఇస్తుంది, చూసి కొనండి. కీబోర్డు మీద ఒక పేజీ టైపు చేయించి చూడండి. వ్యాసాలు రాసేవాడికి ప్రాసెసర్ కంటే అదే ముఖ్యం.

యాంకర్: థ్యాంక్యూ మేడమ్. నెక్స్ట్.

కాలర్: సార్, రైజెన్ 5 7520యూ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్ చూశాను. 7000 సిరీస్, కొత్తదే కదా?

నిపుణుడు: చూశారా, మళ్లీ అదే. మోడల్ నంబర్ పూర్తిగా చదవాలి! ఆ సిరీస్‌లో మొదటి అంకె ఏ ఏడాది మోడలో చెప్తుంది. లోపలి డిజైన్ ఏ తరందో మూడో అంకె చెప్తుంది. 7520లో మూడో అంకె 2, అంటే జెన్ 2 అనే పాత డిజైన్. 7530 అయితే జెన్ 3. పైగా 7520కి ర్యామ్ అతికించే వస్తుంది. 8 జీబీది కొంటే చివరిదాకా 8 జీబీయే.

కాలర్: అయితే వద్దంటారా?

నిపుణుడు: రాసుకోవడం, చదువుకోవడం వరకు పరవాలేదు. కోడింగ్‌కి 7530 ఉన్నది చూడండి.

యాంకర్: టైం దగ్గర పడింది, చివరి కాల్. క్లుప్తంగా అడగండి.

కాలర్: వారంటీ పొడిగించుకోవాలా సార్?

నిపుణుడు: ఎంత కాలం అన్నదాని కంటే అందులో ఏముందో చూడండి. మామూలు వారంటీ నీళ్లు ఒలికినా, కిందపడి స్క్రీన్ పగిలినా పనిచేయదు. దానికి యాక్సిడెంటల్ డ్యామేజ్ అని వేరే ఉంటుంది. హాస్టల్లో ఉండేవాళ్లకి అదే ఎక్కువ పనికొస్తుంది. ఇంకో సంగతి, మా దగ్గరికి హింజ్, అంటే స్క్రీన్‌ని కింది భాగంతో కలిపే బందు, విరిగి వచ్చేవి బోలెడు. స్క్రీన్‌ని ఒక మూల పట్టుకుని లాగుతారు, మధ్యలో పట్టుకుని...

యాంకర్: సారీ సార్, వార్తల టైం అయింది. లైన్లో ఉండిపోయిన వాళ్లు రేపు మళ్లీ చేయండి. థ్యాంక్యూ సార్.