ఇవాళ ఏం వచ్చింది? వైజాగ్‌లో భోజనానికి కూర్చోగానే అడగాల్సిన మాట

(దృశ్యం: తెల్లవారుజాము. ఫిషింగ్ హార్బర్. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ. బోట్ల పక్కన చేపల కుప్పలు, వేలం అరుపులు. పది సెకన్లు మాట లేదు, ఆ గోల మాత్రమే వినిపించాలి.)

వాయిస్: వైజాగ్ వస్తున్నాం, ఎక్కడ తినమంటావ్ అని చుట్టాలు ఫోన్ చేస్తుంటారు. ఇదివరకైతే గబగబా నాలుగు హోటళ్ల పేర్లు చెప్పేసేవాణ్ణి. ఇప్పుడు ముందు నేనే ఒక ప్రశ్న వేస్తున్నాను: ఏ నెలలో వస్తున్నారు?

నవ్వుతారు. అన్నం తినడానికి నెలతో ఏం పని అంటారు. చేప తినేవాళ్లకైతే చాలా పని ఉంది.

(తెరపై అక్షరాలు: ఏప్రిల్ 15 – జూన్ 14)

ఈ తేదీలు ఒకసారి చూడండి. తూర్పు తీరంలో ఏటా ఈ 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి మరబోట్లు, ఇంజిన్ పడవలు కదలకూడదు. మీరిప్పుడు చూస్తున్న ఈ హార్బర్ మే నెలలో ఇలా ఉండదు. బోట్లన్నీ పక్కపక్కన కట్టేసి ఉంటాయి. వలలు బాగుచేసుకునేవాళ్లు, చెక్కలకు రంగులేసుకునేవాళ్లు తప్ప వేలం అరుపులు వినపడవు. కానీ ఊళ్లో హోటళ్లు మూతపడవు కదా! మెనూ కార్డు మీద వంజరం వేపుడు మే నెలలోనూ ఉంటుంది, జూలైలోనూ ఉంటుంది. కార్డుకి నిషేధం లేదు.

(దృశ్యం: కట్టేసి ఉన్న బోట్ల ఫొటో. తర్వాత చెప్పేవాడు నేరుగా కెమెరా వైపు.)

ఈ సంగతి నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు, డబ్బులిచ్చి నేర్చుకున్నాను. కొన్నేళ్ల కిందట మే నెలలో మా బావ హైదరాబాద్ నుంచి వచ్చాడు. వంజరం తినాల్సిందే అని పట్టుబట్టాడు. మంచి ఏసీ ఉన్న ఒక హోటల్‌కి తీసుకెళ్లాను. పేరు చెప్పను, అడగకండి. "ఫ్రెషేనా?" అంటే "పొద్దున్నే వచ్చింది సార్" అన్నాడు సర్వరు. అరచెయ్యంత ముక్కలు, పైన ఎర్రటి మసాలా, కరివేపాకు, చూడటానికి బ్రహ్మాండం. మా బావ ఓ ముక్క విరిచి, నోట్లో పెట్టుకుని, కాసేపు నమిలి, "ఏంటి బావా, పీచులా ఉంది?" అన్నాడు. నాకు తలకొట్టేసినట్టయింది. వైజాగ్ పరువు నా చేతిలో ఉన్నట్టు ఫీలయ్యాను మరి.

ఎందుకు పీచులా ఉంది? చేపను చాలాకాలం గడ్డకట్టించి ఉంచితే దాని కండలో ఉన్న నీరు మంచు పలుకులై, ఆ పలుకులు లోపలి పొరల్ని చీల్చేస్తాయి. కరిగించినప్పుడు ఆ నీరంతా బయటికి కారిపోతుంది. మిగిలిన ముక్కని నూనెలో వేస్తే దూదిలా ఎండిపోతుంది. తాజా వంజరం అలా ఉండదు, వేలితో తాకితే పొరలు పొరలుగా విడిపోతుంది, లోపల తడి ఉంటుంది. పైన ఎంత మసాలా పూసినా ఈ తేడా దాగదు.

ఆ రోజు సాయంత్రమే కథ మారింది. ఉదయం పోయిన పరువు దక్కించుకోవడానికి పాత ఊరు వైపు తీసుకెళ్లాను. హార్బర్ దగ్గర్లో చిన్న మెస్సు, నాలుగు బల్లలు, ఒకే ఫ్యాను. బోర్డు లేదు, కార్డు లేదు. ఈసారి తెలివొచ్చి, "ఇవాళ ఏం వచ్చిందమ్మా?" అని అడిగాను. వడ్డించే ఆవిడ మొహమాటం లేకుండా చెప్పింది: "పెద్ద చేప లేదు బాబూ. నెత్తళ్లున్నాయి, మామిడికాయేసి వండాను. తింతారేటి?"

తిన్నాం. చిటికెనవేలంత చేపలు, పుల్ల మామిడికాయ ముక్కలు, పచ్చిమిరపకాయ, వేడన్నం. మా బావ మూడుసార్లు అన్నం వేయించుకున్నాడు. ముల్లు తియ్యాలా వద్దా అని కూడా అడగలేదు, నమిలేశాడు.

నిషేధం మరబోట్లకీ ఇంజిన్ పడవలకీ. ఇంజిన్ లేని తెప్పల మీద ఒడ్డుకి దగ్గర్లో వేటాడే మత్స్యకారులకి మినహాయింపు ఉంటుంది. వాళ్ల వలలో పడేది నెత్తళ్లు, కవళ్లలాంటి చిన్న చేపే. అది మామిడికాయల కాలం కూడా. రెండూ ఒకే నెలలో దొరుకుతాయి, ఒకే దాకలో పడతాయి. కాబట్టి మేలో వచ్చారా, పెద్ద చేప ఊసెత్తకండి. చిన్న చేప అడగండి. లేదంటే చెరువు సరుకు తినండి. రొయ్యలు, పండుగప్ప చెరువుల్లో పెంచుతారు, బొచ్చె, శీలావతి ఎలాగూ మంచినీటి చేపలే. వాటికి నిషేధంతో సంబంధం లేదు.

అన్నట్టు, ఫిబ్రవరిలో ఎవరైనా పులస పులుసు అని వడ్డిస్తే చెయ్యి కడుక్కుని లేచిపోండి. సముద్రంలో ఉన్నంతసేపూ అది ఇలసే. వానాకాలం వరదనీటికి గోదావరిలోకి ఎదురీదాకే పులస అవుతుంది.

(దృశ్యం: వెడల్పాటి దాకలో చేపల పులుసు. రెండు చేతులతో గుడ్డ పట్టుకుని దాకను గుండ్రంగా కుదుపుతున్న దగ్గరి షాట్.)

వాయిస్: పులుసు దగ్గర కాస్త ఆగుదాం. చూశారా, గరిట పెట్టట్లేదు. గరిట పెడితే ముక్క చితికిపోతుంది, అందుకే దాకనే కుదుపుతారు. చింతపండు పులుపు, ఉప్పు ముక్క లోపలికి దిగడానికి టైం పడుతుంది. అందుకే పొద్దున వండిన పులుసు మధ్యాహ్నానికి బాగుంటుంది, రాత్రి వండింది మర్నాడు ఇంకా బాగుంటుంది. వేపుడు దీనికి పూర్తిగా రివర్స్, పెనం మీంచి కంచంలోకి రావాలి. అంచేత మధ్యాహ్నం పన్నెండింటికే హోటల్లో కూర్చుంటే వేపుడు చెప్పండి. రెండు దాటాక వెళ్తే పులుసు చెప్పండి. ఇది నా లెక్క, చాలాసార్లు పనిచేసింది.

ఇంకో సంగతి. మా వైపు పులుసులో చిన్న బెల్లం ముక్క పడుతుంది. గుంటూరు నుంచి వచ్చినవాళ్లు "తియ్యగా ఉందేంటి?" అని మొహం చిట్లిస్తారు. పక్కనే అనకాపల్లి. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో అదొకటి. బెల్లం ఇంటి పక్కనే ఉన్నప్పుడు పప్పులోకీ పులుసులోకీ రాకుండా ఎలా ఉంటుంది? ఆ తీపి కారాన్ని తగ్గించదు, వెనకాల నిలబడి పులుపుని సర్దుతుంది, అంతే.

(దృశ్యం: రుషికొండ వైపు బీచ్ రోడ్డు, కారు కిటికీలోంచి.)

సరే, పేర్లు చెప్పకపోతే మీరు ఊరుకోరు. రుషికొండ దారిలో సీ ఇన్, అందరూ రాజుగారి ధాబా అంటారు. చేపలు, రొయ్యలు, పీతలతో ఆంధ్రా భోజనానికి ఊరి జనమే చుట్టాల్ని వెంటబెట్టుకుని వెళ్తారు. ఆదివారం మాత్రం వద్దు. ఆకలి మీదున్న పిల్లలతో అసలొద్దు. నెమ్మదిగా కూర్చుని పెద్దవాళ్లతో తినాలంటే దసపల్లా హోటల్లో దక్షిణ్. సిటీ లైట్లు చూస్తూ తినాలని ఉంటే డాల్ఫిన్ హోటల్ పైఅంతస్తులో హొరైజన్. అక్కడ సగం డబ్బు ఆ కిటికీకి అనుకోండి, నాకేం బాధ లేదు. ఎక్కడికెళ్లినా కార్డు తెరవకముందే అడగండి, ఇవాళ ఏం వచ్చింది అని. నిజం చెప్పే సర్వరు "వంజరం వద్దు సార్, చందువ తీసుకోండి" అని తనే అంటాడు. అలా అన్నవాడికి టిప్పు కాస్త ఎక్కువివ్వండి.

అన్నట్టు, హార్బర్‌లో కనపడ్డ పెద్ద రొయ్యలన్నీ మీ కంచంలోకి వస్తాయనుకోకండి. సముద్ర సరుకు ఎగుమతిలో విశాఖ పోర్టు దేశంలోనే ముందు వరుసలో ఉంటుంది. మనం చూస్తుండగానే ఐసు పెట్టెల్లోకి వెళ్లిపోతాయి.

(దృశ్యం: మార్కెట్. పనసకాయను కత్తితో సన్నగా పొట్టు కొడుతున్న చేతులు.)

వాయిస్: చేప తిననివాళ్లు ఈపాటికి వీడియో ఆపేసి ఉంటారు. ఆపకండి, మా ఊరి అసలు వంట మీలాంటివాళ్లదే. పనసపొట్టు కూర. సింహాచలం కొండ పనసకి, అనాసకి పేరు పడ్డ చోటు. లేత పనసకాయని పొట్టు కొట్టి, ఉడికించి, చింతపండు వేసి, ఎండుమిరపకాయల పోపు పెట్టి, చివర్లో ఆవ పెడతారు. ఆ చివర్లో అన్నమాటే ముఖ్యం. ఆవాలని నీళ్లతో నూరినప్పుడే ముక్కుకెక్కే ఆ ఘాటు పుడుతుంది. స్టౌ మీద ఉడికించారో, ఘాటు పోయి చేదు మిగులుతుంది. అందుకని పొయ్యి కట్టేసి, కూర కాస్త చల్లారాక కలపాలి. హోటళ్లలో ఇంత ఓపిక ఉండదు. నేను తిన్న మంచి పనసపొట్టు కూరలన్నీ పెళ్లి భోజనాల్లోవే. ఎవరైనా పెళ్లికి పిలిస్తే వంటవాళ్లు ఏ ఊరివాళ్లో కనుక్కుని మరీ వెళ్లండి.

నువ్వు గుండ, కంది గుండ అని ఎక్కడైనా వినపడితే కంగారుపడకండి. మా దగ్గర పొడిని గుండ అంటాం.

పొద్దున్న టిఫిన్ సంగతి రెండు ముక్కల్లో: ద్వారకానగర్ సాయిరాం పార్లర్, వెంకటాద్రి వంటిల్లు. రెండుచోట్లా పొద్దున్నే జనం ఉంటారు, ఆ జనమే గ్యారంటీ. ఇడ్లీ, అట్టు, పూరీ. ఇందులో వివరించడానికేం లేదు, వెళ్లి తినండి.

(దృశ్యం: సాయంత్రం, ఆర్కే బీచ్. కుర్సురా సబ్‌మెరైన్ పక్క నుంచి నడక. మురీ మిక్చర్ బండి.)

వాయిస్: ఇది మాత్రం వదలొద్దు. మరమరాల్ని మేం మురీ అంటాం. ఒడియా, బెంగాలీ వాళ్ల మాట అది, తీరం వెంబడి దిగొచ్చి ఇక్కడ స్థిరపడిపోయింది. బండివాడు సన్నగా తరిగిన ఉల్లిపాయ, టమాటా, పచ్చిమిర్చి, కొత్తిమీర, వేరుశనగ గుళ్లు, కారం వేసి, నిమ్మకాయ పిండి, డబ్బాలో గలగలా కలిపి పొట్లం చేతికిస్తాడు. కలిపిన రెండు మూడు నిమిషాల్లో తినెయ్యాలి. టమాటా నీరు తగిలితే మురీ మెత్తబడిపోతుంది. సెల్ఫీ దిగి తిందామంటే అయిపోయినట్టే. పార్సెల్ అడిగినవాళ్లని బండివాడు ఎలా చూస్తాడో నాకు తెలుసు, ఒకసారి నేనే అడిగాను.

(దృశ్యం: అరకు రోడ్డు పక్కన నిప్పుల మీద పచ్చి వెదురు బొంగులు.)

వాయిస్: బొంగులో చికెన్ తినాలంటే సిటీలో వద్దు, బొర్రా గుహలకో అరకుకో వెళ్లినప్పుడు తినండి. నూనె చుక్క ఉండదు. మసాలా పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. పచ్చి వెదురులో నీరుంటుంది కాబట్టి అది వెంటనే కాలిపోదు, ఆ తడి ఆవిరై లోపలి ముక్కని ఉడికిస్తుంది. ఎండు బొంగు వాడితే ఈ పని జరగదు. అందుకే బొంగు పచ్చగా ఉందో లేదో చూసి చెప్పండి. చేసి పెట్టినవి వేడిచేసి ఇస్తారు కొన్నిచోట్ల, అవి వద్దు, ఎదురుగా కాల్పించుకోండి. ఆ కాలేలోపు ఒక కాఫీ తాగండి. అరకు లోయ అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తిరుగు ప్రయాణంలో ఇంటికి పట్టుకెళ్లడానికైతే మాడుగుల హల్వా. గోధుమల్ని నానబెట్టి, రుబ్బి, పాలు పిండి, ఆ పాలతో నెయ్యి పోసి చేస్తారు. రైల్లో పాడవదు.

(దృశ్యం: మళ్లీ హార్బర్ పక్క మెస్సు. నాలుగు బల్లలు, అదే ఫ్యాను.)

వాయిస్: మా బావ నిన్న ఫోన్ చేశాడు. జూలైలో వస్తాడట. వంజరం మాట ఎత్తలేదు. "ఆ మెస్సులో ఆవిడ ఇప్పుడూ ఉందా?" అని అడిగాడు. ఉంది. కాకపోతే జూలైకి మామిడికాయలుండవు బావా, ఆ రోజు ఏం వస్తే అదే తిందాం అన్నాను.

(దృశ్యం: ఆవిడ చెయ్యి స్టీలు కంచంలో అన్నం వడ్డిస్తుంది. పైన పులుసు. ఫ్యాను చప్పుడు. కట్.)