‘ఉపవాసం’ తెచ్చిన తంటా

అందరికీ నమస్కారం. మద్రాసులో తెలుగులో మాట్లాడమని పిలిచారు, సంతోషం. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి ఆపరేషన్లకు ఇక్కడికి రావడం మన తాతల నాటి అలవాటు. డాక్టరుగారిది తమిళం, చేతికిచ్చే కాగితం ఇంగ్లీషు, పేషెంటు తెలుగు. మధ్యలో సగం విని సగం చెప్పే మనవడు. ఆ మనవడు పక్కన లేని వేళ అక్కరకొచ్చేలా ఫోనులో చిన్న చిన్న వీడియో పాఠాలు తయారుచేయడం మా పని.

మోకాలి ఆపరేషన్‌కు వచ్చిన ఒక పెద్దావిడకు మా మొదటి పాఠం చూపించాం. ‘ముందురోజు రాత్రి నుంచి ఉపవాసం ఉండాలి’ అని అందులో చెప్పాం. ఆవిడ తలూపింది. పొద్దున్నే రెండు ఇడ్లీలు తిని, కాఫీ తాగి వచ్చింది. ఆపరేషన్ వాయిదా. “ఉండమన్నట్టే ఉన్నాను కదయ్యా, అన్నం మెతుకు ముట్టలేదు” అంది.

ఆవిడ మాటలో తప్పేముంది? మన ఇళ్లలో శనివారం ఉపవాసమంటే అన్నం మానేసి ఫలహారం చేయడమే. తప్పు మా మాటది. మత్తులో ఉండగా కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే మామూలుగా తేలికపాటి టిఫిన్‌కైనా 6 గంటల ఎడం అడుగుతారు, ఉత్త మంచినీళ్లకు 2 గంటలు. పాలు కూడా ఆ 6 గంటల లెక్కలోకే వస్తాయి. అంటే మన కాఫీ చేరాల్సింది నీళ్ల పక్కన కాదు, ఇడ్లీ పక్కన! ఇప్పుడు మా పాఠంలో ఉపవాసం అన్న మాటే లేదు. ఇడ్లీ బొమ్మ, కాఫీ గ్లాసు బొమ్మ, రెంటి మీదా అడ్డగీత, పక్కన గడియారం. అందులో టైము మాత్రం ఎవరికి వాళ్ల డాక్టరు చెప్పిందే పెడతాం.

ఇంకోటి దిండు సంగతి. ఆపరేషనైన మోకాలి కింద దిండు పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. ఆ హాయితోనే చిక్కు: మోకాలు వంగినట్టే బిగుసుకుపోయి పూర్తిగా చాపడం రాదు. దిండు మడమ కిందికి జరపాలి. దీన్ని మొదట పాతికేళ్ల అమ్మాయితో తీశాం. “ఆ పిల్ల చేస్తుందిలే” అని ఫోను పక్కన పడేశారు. తర్వాత డెబ్బై దాటిన ఆవిడతో, నేత చీరలో, మధ్యలో “అమ్మా” అని మూలుగుతూ చేయించాం. చూశారు, చేశారు కూడా.

తెర గురించి రెండు ముక్కలు. ఇంగ్లీషుకు సరిపోయిన అక్షరం సైజు మనకు చాలదు, ఒత్తులు కింది వరుస గుడులకు తగిలి అలుక్కుపోతాయి. ఎండిన వేళ్లను టచ్‌స్క్రీన్ సరిగా పట్టదు. పట్టలేదని గట్టిగా అదిమి ఉంచితే ఇంకేదో తెరుచుకుంటుంది. ఓటీపీ అడిగితే ఇక అంతే, అది అమెరికాలో ఉన్న కొడుకు నంబరుకు పోతుంది.

“అర్థమైందా అమ్మా?” అని అడగడం మానేశాం. అడిగితే ఎవరైనా “ఆఁ బాబూ” అనే అంటారు, మన మొహం చిన్నబుచ్చడం ఇష్టం లేక. “మీ చెల్లెలికి ఇదే ఆపరేషనైతే ఏమని చెబుతారు?” అని అడుగుతున్నాం. మొన్న ఒకావిడ నిజంగానే చెల్లెలికి ఫోను కలిపింది. “మంచినీళ్లు వాళ్లు చెప్పిన టైము దాకానే. కాఫీ ఊసెత్తకు” అంది. ఆ ‘కాఫీ ఊసెత్తకు’ను ఆవిడ గొంతుతోనే పాఠంలో పెట్టేశాం.