తీగ కోసే ముందు

అందరికీ నమస్కారం. పాకాల మండలం గాదంకిలో ఉన్న జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల గురించి మీలో చాలామంది వినే ఉంటారు. అక్కడ 53 మెగాహెర్ట్జ్ రాడార్ కోసం 1,024 యాగీ యాంటెన్నాలు (అడ్డకడ్డీలున్న పాత టీవీ యాంటెన్నాల్లాంటివి) వరుసలు కట్టి నిలబడి ఉంటాయి. మనం ఇవాళ హ్యామ్ రేడియో కోసం, అంటే ఔత్సాహికులు లైసెన్సుతో నడిపే రేడియో కోసం, చేయబోయేది ఒక్క యాంటెన్నానే. అదీ చేతిసంచిలో పట్టేస్తుంది. లెక్క మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే: తరంగం పొడవు ఎంతో, దాన్నిబట్టే లోహం పొడవు.

మన 40 మీటర్ల బ్యాండే, అంటే 7 మెగాహెర్ట్జ్ దగ్గరి తరంగాలే, తీసుకుందాం. 300ని మెగాహెర్ట్జ్‌లతో, ఇక్కడ 7.1తో, భాగిస్తే తరంగం పొడవు సుమారు 42 మీటర్లు. మనం చేసేది డైపోల్, మధ్య నుంచి రెండు వైపులా చాపిన తీగ. దానికి అందులో సగం, ఇంకో ఐదు శాతం తగ్గిస్తే 20. అంటే మధ్య నుంచి అటు పది మీటర్లు, ఇటు పది. ఇంటి వైరింగ్‌కి వాడే తీగ చాలు. మధ్యలో చిన్న పీవీసీ పైపు ముక్క. రేడియో నుంచి వచ్చే కోయాక్స్ కేబుల్ లోపలి తీగ ఒక వైపుకి, పై అల్లిక రెండో వైపుకి. అతుకులో నీళ్లు దిగకుండా టేపు చుట్టండి.

ఇక కోయడం. ఒకసారి హార్స్‌లీ హిల్స్‌కి పోతూ కొలత టేపు ఇంట్లో మర్చిపోయాను. చేతులు చాపి బారలు వేసి కొలిచి, కోసేశాను. మీటరు పెడితే ఎస్‌డబ్ల్యూఆర్ మూడు దాటింది. పంపిన శక్తి ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే కొలత అది, ఒకటికి ఎంత దగ్గరైతే అంత మంచిది. తీగ పొట్టిదైపోయింది! "ఏంనా, చీర కొలిచినట్టు కొలిచావే" అని పక్కనున్న కుర్రాడు ఒకటే నవ్వు. చివరికి పాత చార్జర్ తీగ చీల్చి రెండు కొసలకూ ముడేశాం. చూడ్డానికి అసహ్యంగా ఉంది కానీ పనిచేసింది.

అందుకే ఒక్కో వైపు పదిన్నర మీటర్లు ఉంచండి. వెంటనే కత్తెర పట్టుకోవద్దు. కొసను వెనక్కి మడిచి, అదే తీగకి మెలిపెట్టి చూడండి. మడిచిన మేరకు తీగ పొట్టిదైనట్టే లెక్క. రెండు వైపులా సమానంగా మడవండి. ఎస్‌డబ్ల్యూఆర్ ఒకటిన్నర లోపలికి వస్తే చాలు, ఒకటి కోసం ప్రాణం తీసుకోకండి. మడిచింది అలాగే వదిలేస్తే, రేపు చోటు మారి లెక్క తప్పినా విప్పుకోవచ్చు.

కట్టడానికి చింతచెట్టు దొరికితే అదృష్టం. సగం నీళ్లు పోసిన సీసాకి పురికొస కట్టి కొమ్మ మీదుగా విసరండి. రాయైతే తిరిగి మన నెత్తినే పడుతుంది. మధ్యభాగం పైకి లాగి, కొసలు రెండూ ఏటవాలుగా దించి కట్టండి. కొసలు మనుషుల చేతికి అందకూడదు, ప్రసారం చేసేటప్పుడు అక్కడ వోల్టేజి ఎక్కువ. కరెంటు లైన్లున్న వైపు అసలు విసరకండి. మబ్బు పట్టగానే, ఉరుములు మొదలవకముందే దించేయండి.

లైసెన్సు రానివాళ్లు ఇప్పటికి వినడమే, మైకు నొక్కకూడదు.

సరే, ఆ తీగ చుట్ట ఇలా ఇవ్వండి. మేడ మీదికి పోదాం. టేపు ఈసారి తెచ్చాను.